వాటా లేని రెండు కిలోమీటర్లు

మొగలిమెట్ట నుంచి వేణుపురం పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ దారిలో ఏళ్ల తరబడి బస్సు లేదు. చివరికి ప్రాంతీయ ప్రజా రవాణా సమన్వయ మండలి వారు దయతలచి నలభై ఒకటో నంబరు ఉత్తర్వు విడుదల చేశారు. బస్సు కావాలనుకునే ఊళ్లు ఖర్చులో తమ వంతుగా స్థానిక వాటా సమర్పించుకోవాలి. ఏ ఊరు వాటా ఇస్తే ఆ ఊరి పొలిమేరల్లో బస్సు సేవలందిస్తుంది. ఆ బస్సుకు కండక్టరుగా నన్ను వేశారు. నా పేరు సూర్యచంద్రరావు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నిబంధన అన్నది ఒక్కటి కూడా తప్పలేదు. ఆ సంగతి నేను గర్వంగా చెప్పుకునేవాణ్ణి.

మొగలిమెట్ట వాళ్లు చెరువు చేపల వేలం మీద వచ్చింది తెచ్చి వాటా కింద ఇచ్చేశారు. కంచిమెట్ట వాళ్లు ఆ ఏడు తిరునాళ్లలో బాణసంచా మానుకుని ఇచ్చారు. వేణుపురం మునిసిపాలిటీ కూడా నాలుగు సమావేశాలు పెట్టుకుని ఇచ్చింది. మొగలిమెట్టకీ కంచిమెట్టకీ మధ్యన ఉన్న తాళ్లగరువు మాత్రం ఇవ్వలేదు. ఆ ఊరి సర్పంచి సత్తిరాజు గారిని నేనే వెళ్లి అడిగాను. ఆయన మడత కుర్చీలో కూర్చుని చాలా మర్యాదగా సమాధానం చెప్పారు.

"ఉన్నది ఒక్కటే రోడ్డండి. అది మా ఊరి మధ్యలోంచే కదండీ. బస్సేమన్నా మా నెత్తి మీంచి ఎగిరెళ్తదేటండి? ఎలాగూ వచ్చేదానికి మళ్లీ వాటా ఎందుకండీ?"

ఆయన మాటలే మండలికి రాశాను. మండలిలో స్థానిక భాగస్వామ్య విభాగానికి అధిపతి దక్షిణామూర్తి గారు. ఆయనకు తోచని సమాధానం ఉండదు. స్వయంగా జీపులో వచ్చి, బస్సు ప్రారంభోత్సవానికి కట్టిన షామియానా కింద నన్నూ డ్రైవరు గవర్రాజునీ నిలబెట్టి విశదీకరించారు.

"బస్సు తాళ్లగరువు గుండా పోవుట భౌతిక సంచారం. ప్రయాణికుడు అందులో ఆసీనుడై పోవుట సేవ. సంచారమును ఉత్తర్వు నిషేధించలేదు. వాటారహిత ఖండమునందు సేవను మాత్రమే నిషేధించినది. అర్థమైనదా?"

గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. నాకు మాత్రం బాగా అర్థమైంది. మర్నాటి నుంచి అమలు చేశాను.

పొద్దున్న ఏడింటికి మొగలిమెట్టలో బయలుదేరేవాళ్లం. అయిదు కిలోమీటర్లు పోయాక తాళ్లగరువు పొలిమేర రాయి వస్తుంది. అక్కడ నేను తాడు ఒకసారి లాగి గంట కొడితే బస్సు ఆగేది. ప్రయాణికులందరూ దిగి రెండు కిలోమీటర్లు నడిచేవారు. వాళ్ల పక్కనే ఖాళీ బస్సు మొదటి గేరులో నడిచేది. లోపల నేనూ గవర్రాజూ ఇద్దరమే. కిటికీ పక్క నుంచి నడుస్తూ జనం నాతో కబుర్లు చెప్పేవారు, నేను లోపలి నుంచి ఊ కొట్టేవాణ్ణి. కంచిమెట్ట రాయి దగ్గర మళ్లీ అందరూ ఎక్కాక రెండుసార్లు గంట కొట్టేవాణ్ణి. మొదటి రెండు రోజులు తిట్టారు. మూడో రోజు నుంచి చెప్పులు మంచివి వేసుకుని వచ్చారు.

సామాను సంగతి మొదట్లో తేలలేదు. మూటలు కూడా దింపాలా అని మండలిని అడిగితే వారంలో వివరణ వచ్చింది. సామాను సేవను అనుభవించజాలదు కనుక సేవాగ్రహీత కాదు, బస్సులోనే ఉండవచ్చు. సరే అనుకున్నాం. ఆ మర్నాడే ఆదెమ్మ అనే ఆవిడ సంతకు తీసుకెళ్తున్న కోడిపెట్టను బుట్టతో సహా సీటు కింద వదిలేసి దిగబోయింది. అది సామానా, ప్రాణియా? మళ్లీ రాశాను. కోడికి కుదుపు తెలియును, ఎండ తెలియును, నీడ సుఖము తెలియును, కావున అది సేవాగ్రహీతయే, దిగవలెను అని దక్షిణామూర్తి గారు పచ్చ సిరాతో రాసి పంపారు. అప్పటి నుంచి ఆదెమ్మ కోడి కాలికి దారం కట్టి నడిపించుకుంటూ వచ్చేది. దాని నడక తీరులో కొంత అభ్యంతరం కనిపించేది గాని ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

రోజూ నడిచేవాళ్లలో మంగతాయారు ఒకావిడ. మొగలిమెట్ట అంగన్‌వాడీలో ఆయా. నలభై నాలుగేళ్లుంటాయి. పిల్లలకు మొహాలు కడగడం, పప్పు ఉడకబెట్టడం, ఏడ్చేవాణ్ణి చంకనేసుకోవడం ఆవిడ పని. అక్కడి టీచరు వేసవిలో రిటైరవుతోంది. పదో తరగతి పాసయితే ఆ ఉద్యోగం మంగతాయారుకే ఇస్తామన్నారు. ఓపెన్ స్కూల్లో కట్టి అన్నీ పాసయింది, లెక్కలు తప్ప. లెక్కల్లో రెండుసార్లు పోయింది. ఈసారి కూడా పోతే టీచరు ఉద్యోగం వేరే ఊరి అమ్మాయికి వెళ్లిపోతుంది. రిటైరయ్యే దాకా పప్పు ఉడకబెట్టడమే. అందుకని వేణుపురంలో ఓ మాస్టారి దగ్గరకు రోజూ లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చేది. పదకొండింటికి ఇదే బస్సులో తిరిగి వెళ్లి పిల్లలకు అన్నాలు పెట్టేది.

ఆవిడకు లెక్కలు చేసుకోవడానికి కాగితాలు నేనే ఇచ్చేవాణ్ణి. మా మండలి వారి ఉత్తర్వులు, సవరణలు, వివరణలు, వివరణల మీద వివరణలు వారానికో కట్ట వచ్చేవి. ఒక వైపే అచ్చయ్యేవి. వెనక వైపు శుభ్రంగా తెల్లగా ఉండేది. ఉత్తర్వుకు అంతకంటే మంచి ఉపయోగం నేను నా సర్వీసులో చూడలేదు. తాళ్లగరువు రాయి దగ్గర దిగినప్పుడు కూడా ఆ కాగితాలు చేతిలోనే ఉండేవి, నడుస్తూ ఎక్కాలు వల్లె వేసుకునేది. ఆవిడ మోకాలు మంచిది కాదు. రెండు కిలోమీటర్లకు ఒప్పుకునేది, అంతకు మించి ఒప్పుకునేది కాదు.

ఇంతలో తాళ్లగరువు వాళ్లకు రోజులు బాగున్నాయి. రోజూ యాభై మంది దాహంతో ఊరి మధ్యలోంచి నడుస్తుంటే ఎవరూరుకుంటారు? మొదట ఒక నిమ్మకాయ సోడా బండి వచ్చింది. తర్వాత పునుగులు వచ్చాయి. ఆ తర్వాత అద్దె గొడుగులు. ఇటు రాయి దగ్గర తీసుకుని అటు రాయి దగ్గర ఇచ్చెయ్యాలి. నెల తిరిగేసరికి మోకాళ్లకు నూనె రాసే దుకాణం కూడా వెలిసింది. సత్తిరాజు గారు పంచాయతీ ఆఫీసుకు గులాబీ రంగు వేయించారు. వాటా ఇవ్వకపోవడమే ఊరికి ఇంత మేలు చేస్తుందని అనుకోలేదండి అని నాతో నిజాయితీగానే అన్నారు.

దక్షిణామూర్తి గారు తనిఖీకి వచ్చి, సోడా తాగి, చాలా సంతోషించారు. ఈ నడకను ఇకపై నడక అనరాదని, పాదచార సంధాన దశ అనవలెనని ఆదేశించారు. పై అధికారులకు నివేదిక పంపారు. ప్రయాణికుల ఆరోగ్యం మెరుగైంది, సీట్ల అరుగుదల తగ్గింది, దారి పొడవునా స్వయం ఉపాధి పెరిగింది, ఫిర్యాదులు లేవు. ఫిర్యాదులు లేకపోవడానికి కారణం ఫిర్యాదుల పెట్టె బస్సులో ఉండడం, ఫిర్యాదు చేయాలనిపించే సమయంలో జనం రోడ్డు మీద ఉండడం. ఆ వివరం నివేదికలో లేదు. ఆయనకు శాలువా కప్పారని పేపర్లో వచ్చింది.

తాళ్లగరువు పునుగుల వాసన కంచిమెట్ట దాకా వెళ్లింది. కంచిమెట్ట వాళ్లు ఆలోచించుకున్నారు. వాటా ఇచ్చి మనం బావుకున్నదేమిటి? జనం బస్సులో కూర్చుని మన ఊరు దాటిపోతున్నారు, ఒక్క సోడా కూడా తాగడం లేదు. పంచాయతీ తీర్మానం చేసి తమ వాటా వెనక్కి తీసేసుకున్నారు. వాళ్లది ఆరు కిలోమీటర్ల ఊరు. అంటే ఇప్పుడు వరసగా ఎనిమిది కిలోమీటర్లు వాటారహిత ఖండం. దక్షిణామూర్తి గారు దీన్ని పథకం రెండో దశగా ప్రకటించారు. వాటా ఇచ్చిన ఊళ్ల ప్రయోజనాలు కాపాడేందుకని ఆ దారిలో షేరు ఆటోలు తిరగరాదని ఇంకో ఉత్తర్వు వేశారు.

ఇది జరిగింది ఏడో తారీకున. మంగతాయారు లెక్కల పరీక్ష తొమ్మిదో తారీకున. వేణుపురం హైస్కూల్లో పొద్దున్న తొమ్మిదింటికి గేటు వేసేస్తారు.

ఎనిమిదో తారీకు పొద్దున్న తాళ్లగరువు రాయి దగ్గర అందరూ దిగారు గాని ఆవిడ దిగలేదు. మొదటి సీట్లో కూర్చుని పెన్సిలుతో లెక్క వేస్తోంది. అప్పటిదాకా పుస్తకంలో లెక్కలు తప్పులు చేసేది. ఈ లెక్క మాత్రం తప్పు పోలేదు. ఏడింటికి బయలుదేరితే రాయి దగ్గరకు ఏడుంబావు. మోకాలు ఒప్పుకున్నా ఎనిమిది కిలోమీటర్లు నడిస్తే రెండు గంటలు. తొమ్మిదుంబావు. అక్కడ బస్సెక్కితే ఇంకో పావుగంట. గేటు మూసిన అరగంటకు చేరతాను అని నాకు చూపించింది. ఊళ్లో ఉన్న మోటారు సైకిళ్లన్నీ తెల్లవారకముందే రొయ్యల చెరువుల మీదకు పోతాయి. వాటిలో ఒకటి అడిగి చూసిందట, ఆ పూట మేత వెయ్యాలన్నారట. ముందే లేచి చీకట్లో నడిచి వెళ్దామంటే మోకాలు తాళ్లగరువు రాయి కూడా చేరనివ్వదు.

"మూడోసారి కూడా పోతే మా ఆయనకేం చెప్పనండీ, బస్సు పక్కనే నడుస్తా పోయానని చెప్పనా?" అంది.

ఖాళీ బస్సులో నలభై ఎనిమిది సీట్లున్నాయి. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నిబంధన మీద నాకు కోపం వచ్చింది. అయినా దిగమ్మా అన్నాను, ఆ మాట చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, లెక్క ఉన్న కాగితాన్ని తిరగేసి అచ్చు వైపు చూసింది. చూస్తూ అలాగే ఉండిపోయింది. తర్వాత నన్ను పిలిచింది.

"కండక్టరు గారూ, ఇందులో పదకొండోది చదివారా మీరు?"

చదవలేదు. ఉత్తర్వులో మొదటి ఏడు నిబంధనలు చదివి నేను అమలు మొదలుపెట్టాను, మా మండలిలో అందరూ అలాగే చేస్తారు. పదకొండో నిబంధన ఇలా ఉంది. స్థానిక వాటాను ధనరూపేణా గాని శ్రమరూపేణా గాని సమర్పించవచ్చును. బస్సునందు శ్రమ చేయువాడు సేవాప్రదాత అగును గాని సేవాగ్రహీత కాడు. సేవాప్రదాతకు ఖండముల నిబంధన వర్తించదు. అది నాకోసం, గవర్రాజు కోసం రాసినది. లేకపోతే మేమిద్దరమూ కూడా దిగి నడవాల్సి వచ్చేది, బస్సు తనంతట తాను పోవాల్సి వచ్చేది.

"మరైతే రేపు గంట నేను కొడతానండి," అంది మంగతాయారు.

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. తొమ్మిదో తారీకు పొద్దున్న ఏడింటికి నలభై ఏడుగురు ఎక్కారు. ప్రయాణికుడు ఒక్కడు కూడా లేడు. టికెట్లు కొట్టాను, హాజరు చీటీ కింద. తాళ్లగరువు రాయి రాగానే అలవాటుగా నా చెయ్యి తాడు మీదకు వెళ్లింది, అక్కడ మంగతాయారు చెయ్యి ముందే ఉంది. గవర్రాజు అద్దంలో నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయటకు చూశాను. బస్సు ఆగకుండా పోయింది. సోడా బండి వాడు సీసా ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఎవరి పని వాళ్లు శ్రద్ధగా చేశారు. ఎడమ కిటికీల వాళ్లు ఎడమ వైపు మేకలు వస్తున్నాయేమో చూస్తున్నారు, కుడి కిటికీల వాళ్లు కుడి వైపు. ఇద్దరు తలుపు పట్టుకున్నారు. ఒకాయన అద్దం తుడిచాడు, తుడిచిన అద్దాన్ని ఇంకొకాయన సరిచూశాడు. సీట్లున్నా నిలబడ్డ కొందరు పైకప్పు కమ్మీ ఊడిపోకుండా పట్టుకున్నారు. ఆదెమ్మ కోడిని ఒళ్లో పెట్టుకుంది. కోడి పని ఏమిటని అడిగాను. టైము చెప్తదండి అంది.

తాళ్లగరువు దాటి కంచిమెట్ట ఖండంలో మూడు కిలోమీటర్లు పోయామో లేదో, ఎదురుగా జీపు అడ్డంగా ఆగి ఉంది. సత్తిరాజు గారు ఫోను చేసినట్టున్నారు. దక్షిణామూర్తి గారు ఇస్త్రీ నలగని చొక్కాలో బస్సెక్కి, లోపలి జనాన్ని చూసి కళ్లజోడు సవరించుకున్నారు. ఆయన ఎక్కగానే, వచ్చే పోయే బళ్లకు దారివ్వడానికని జీపు డ్రైవరు జీపును పక్కకు తీశాడు.

"వాటారహిత ఖండమునందు ఇంతమంది ప్రయాణికులా?" అన్నారు.

ప్రయాణికులు సున్నా సార్, సిబ్బంది నలభై ఏడు అని విన్నవించాను. పదకొండో నిబంధన చూపించాను. ఆయన చదివారు. అది ఆయన రాసినదే. ఒక్కొక్కరినీ విధి ఏమిటని అడగడం మొదలుపెట్టారు. మేకల ఎడమ విభాగం, మేకల కుడి విభాగం, కమ్మీ విభాగం చెప్పుకుంటూ వచ్చారు. నాలుగో సీట్లో ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు. ఈయన విధి ఏమిటన్నారు. రెండో షిఫ్టు సార్ అన్నాడు పక్కనున్నవాడు. దక్షిణామూర్తి గారు ఖాళీ కాగితాలు తీసి, నలభై ఏడుగురి వాంగ్మూలాలు విడివిడిగా, మూడేసి ప్రతుల్లో నమోదు చేయవలెనన్నారు. అప్పటికి ఇంకా తొలి పేరే రాస్తున్నారు. నా గడియారంలో ఏడూ నలభై. ఆయన రాసే వేగం నాకు తెలుసు. మధ్యాహ్నం అవుతుంది.

మంగతాయారు మొహం చూశాను. ఆవిడ నన్ను చూడడం లేదు, కాగితం చూస్తోంది. లేచి నిలబడింది.

"అయ్యగారూ, పన్నెండోది కూడా మీరు రాసిందేనాండి?"

అవునన్నారు ఆయన, కొంచెం గర్వంగానే.

"సేవాప్రదాతలను విధి నిర్వహణలో ఎవ్వరును అడ్డగించరాదు, అని ఉందండి. ఎవ్వరును అంటే మీరు కూడానాండి?"

దక్షిణామూర్తి గారు కలం ఆపారు. ఆయన జవాబు చెప్పేలోపు ఆవిడ తాడు రెండుసార్లు లాగింది. రెండుసార్లు గంట వినపడితే గవర్రాజు ఇంకేమీ ఆలోచించడు. బస్సు కదిలింది.

అప్పుడు బస్సు మొత్తానికి ఒకేసారి ఒక సంగతి తట్టింది. దక్షిణామూర్తి గారు వాటారహిత ఖండంలో, కదిలే బస్సులో ఉన్నారు. ఏ పనీ చెయ్యడం లేదు. అందరూ ఆయన వైపు చూశారు. ఆయనకూ తట్టింది. దిగుదామంటే ముందు మూడు కిలోమీటర్ల పాదచార సంధాన దశ ఉంది, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. జీపు వెనక్కి తిరగడానికి చోటు దొరక్క తాళ్లగరువు వైపే ముందుకు పోయింది. నేను మర్యాదగానే అడిగాను, తమరి విధి ఏమని రాసుకోమంటారు సార్ అని.

ఆదెమ్మ కోడిని ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన పట్టుకున్నారు. వేణుపురం దాకా పట్టుకున్నారు. ఇంత బాగా ఎవరూ పట్టుకోలేదండి, చిన్న గోలయినా చెయ్యలేదు అని దిగేటప్పుడు ఆదెమ్మ ఆయనకు మంచి సర్టిఫికెట్టే ఇచ్చింది.

హైస్కూలు ముందు బస్సు ఆగేసరికి ఎనిమిది దాటి అయిదు నిమిషాలు. దాదాపు గంట ముందు చేరిందన్న మాట. మంగతాయారు తాడు వదిలి, దాన్ని జాగ్రత్తగా నా చేతికి అప్పగించి దిగింది. నలభై ఆరుగురు సిబ్బంది కిటికీల్లోంచి చూస్తుండగా గేటు లోపలికి నడిచింది. ఆ పూట ఎవరూ బజారుకు పోలేదు, పన్నెండింటిదాకా అక్కడే ఉన్నారు.

ఆ తర్వాతి సంగతులు పెద్దగా చెప్పడానికి లేవు. తాను స్వయంగా సేవాప్రదాతగా పాల్గొన్న దశను తప్పనడం దక్షిణామూర్తి గారికి కుదరలేదు. దాన్ని పథకం మూడో దశగా, పరిపూర్ణ శ్రమ భాగస్వామ్యంగా నివేదించారు. ఇంకో శాలువా కప్పారు. దేశంలో అత్యధిక సిబ్బంది గల బస్సు మాదేనని అందులో రాశారట. దుకాణాలు మూతపడేసరికి తాళ్లగరువు, కంచిమెట్ట వాళ్లు కూడా సిబ్బందిలో చేరారు. ఇప్పుడు మేకల విభాగంలో చోటు దొరకడం కష్టంగా ఉంది.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. మంగతాయారుకు లెక్కల్లో నలభై ఒకటి. మొగలిమెట్టలో బస్సెక్కి నాకు పంచదార పొట్లం ఇచ్చింది. ఇప్పుడావిడ టీచరు గనక నేను లేచి నిలబడి తీసుకున్నాను. పరీక్షలో ఏమడిగారమ్మా అంటే ప్రశ్నపత్రం మడతలు విప్పి చూపించింది. మూడో ప్రశ్న. ఒక బస్సు గంటకు ముప్పై ఆరు కిలోమీటర్ల వేగంతో పోవుచున్నది. పద్దెనిమిది కిలోమీటర్లు పోవుటకు దానికి ఎంత సమయం పట్టును?

ఏం రాశారండీ అని అడిగాను.

"అరగంటని రాశానండి," అంది. "ఆ లెక్కలో తాళ్లగరువు లేదు కదండీ."